నీళ్ళు వద్దన్న దర్జీ పిల్ల

ఆ దర్జీ పిల్ల ఒంట్లో రక్తం ఎందుకు నిలవడం లేదో తెలియక పెద్ద చదువులు చదివినవాళ్ళు తలలు బద్దలు కొట్టుకుంటుంటే, చివరికి కనిపెట్టింది నేను. కుర్చీలోంచి లేవకుండా కనిపెట్టాను. కళ్ళు కూడా తెరవకుండా కనిపెట్టాను. నమ్మకపోతే మా డయాలిసిస్ గదిలో ఎవరినైనా అడగండి. అడిగితే నవ్వుతారు. నవ్వనివ్వండి, వాళ్ళది అసూయ.

ముందు ఆ గది సంగతి చెప్పాలి. ఆసుపత్రి వెనక, మందుల గోదాముని ఆనుకుని పొడుగాటి గది. గోడ వారగా వాలుకుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన మనిషెత్తు మిషను. కిడ్నీలు పని మానేసిన మేమందరం రోజు విడిచి రోజు అక్కడికి చేరతాం. చేతికి రెండు సూదులు గుచ్చుతారు. ఒక గొట్టంలోంచి రక్తం బయటికి పోయి, ఫిల్టరులో శుభ్రపడి, రెండో గొట్టంలోంచి ఒంట్లోకి వస్తుంది. పూటంతా కదలకుండా పడి ఉండాలి. కూర్చోవడం నాకు కొత్త కాదు, బతుకంతా లారీ నడిపినవాణ్ణి. కాకపోతే అప్పుడు బండిని నేను నడిపేవాణ్ణి, ఇప్పుడు నన్ను బండి నడుపుతోంది.

నాది కిటికీ పక్క కుర్చీ. నా పక్కది దర్జీ పిల్లది. పిల్ల అంటే మరీ పిల్ల కాదు, ముప్ఫై దాటి ఉంటాయి. నాకంటే చిన్నవాళ్ళందరూ నాకు పిల్లలే. ఆ లెక్కన ఆసుపత్రిలో పెద్దవాళ్ళెవరూ లేరు. ఆమే, వాళ్ళక్కా బజారు మలుపులో ఒక గదిలో బట్టలు కుడతారు. అక్క కత్తిరిస్తుంది, చెల్లెలు కుడుతుంది. అక్క నోరు కూడా కత్తెరే. చెల్లెలు మాత్రం మాట బయటికి రావాలంటే ముహూర్తం చూసుకునే రకం.

అక్క తన కిడ్నీ ఒకటి చెల్లెలికి ఇస్తానంది. పరీక్షలన్నీ అయ్యాయి, ఇద్దరికీ జత కుదిరింది.

“పుట్టినప్పట్నించీ నా గౌన్లూ, నా చెప్పులూ, నా పుస్తకాలూ అన్నీ ఇదే వాడుకుంది. ఇప్పుడు కిడ్నీ కూడా కావాలిట. నాకంటూ ఏం మిగిల్చావే?” అని అక్క గదిలో అందరి ముందూ దెప్పేది.

“నీ నోరు నీకే వదిలేస్తాలే అక్కా,” అనేది చెల్లెలు.

ఆపరేషనుకి అడ్డమల్లా రక్తమే. ఇక్కడ కాస్త వైద్యం చెప్పాలి, ఓపిక పట్టండి. కిడ్నీ అంటే మురికి తీసే జల్లెడ ఒక్కటే అనుకునేవాణ్ణి నేను. కాదట. రక్తం తయారుచెయ్యమని ఎముకల్లోని మూలుగకి కబురు పంపేది కూడా అదేనట. కిడ్నీ పడుకుంటే ఆ కబురూ పడుకుంటుంది. అందుకే మాలాంటివాళ్ళకి ఆ కబురుని ఇంజక్షను చేసి పొడుస్తారు. నాకు పొడిస్తే నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ పదకొండుకి ఎగబాకింది. పక్క కుర్చీలో అదే మందు, అదే సిస్టరమ్మ చెయ్యి, అయినా ఆమెకి మెట్లు దిగుతున్నట్టు కిందకే దిగేది.

దాంతో ఆమె కుట్టుమిషను తొక్కలేకపోయింది. నాలుగు తొక్కులు తొక్కితే గుండె దడ. అక్క మిషనుకి మోటారు బిగించి పెట్టింది. అప్పుడు బట్టని సూది కిందకి తోసే చెయ్యే వణికింది. మొహం చూస్తే ఉతికి ఉతికి వెలిసిపోయిన గుడ్డలా ఉండేది.

మా డాక్టరు గారు మనిషి తాటిచెట్టంత పొడుగు. పొడుగు డాక్టరంటే ఎవరికైనా తెలుస్తుంది. మమ్మల్ని చూడ్డానికి రోజూ మిషన్లన్నీ సగంలో నడుస్తున్నప్పుడు వచ్చేవాడు. మొదలుపెట్టేటప్పుడు ఉండడు, విప్పేటప్పుడు ఉండడు. ఆ వేళకి ఓపీలో జనం తలుపులు విరగ్గొడుతుంటారు. పాపం, ఒక్క మనిషి ఎన్ని చోట్ల ఉంటాడు.

“ఇంజక్షను మేస్త్రీ లాంటిదమ్మా,” అని ఒకరోజు ఆమెకి చెప్పాడు. “కూలీల్ని కేకేసి పిలుస్తాడు. కూలీలొచ్చినా ఇటుకలు లేకపోతే గోడ లేవదు. ఇటుకలంటే ఐరన్. నీకు గొట్టంలోంచే ఐరన్ ఎక్కిస్తున్నాం. ఎక్కించినంతసేపు ఉంటోంది, తరవాత చూస్తే లేదు.”

“మేస్త్రీని ఇంకాస్త గట్టిగా అరవమనండి సార్,” అన్నాను నేను.

“డోసు పెంచాం పెద్దాయనా. అరిచి అరిచి ఆయన గొంతు పోయింది.”

ఇక వెతుకులాట మొదలైంది. ఒంట్లో ఎక్కడన్నా చీము దాగుంటే ఈ మందు పారదని పళ్ళు చూశారు, ఛాతీ చూశారు, సూదులు గుచ్చే చెయ్యి చూశారు. మిషను చాలినంత శుభ్రం చేస్తోందా అని లెక్క కట్టారు. మందు వేడెక్కి పాడైందేమోనని ఫ్రిజ్జు తలుపు తెరిచి లోపల చెయ్యి పెట్టి చూశాడు డాక్టరు. గొంతు దగ్గర ఏదో గ్రంథి ఉందట, అదీ చూశారు. కడుపులో నెత్తురు కారుతోందేమోనని పరీక్ష చేశారు. నెలసరి సంగతి కూడా అడిగాడు. అప్పుడు నేను మర్యాదగా కిటికీలోంచి బయట పావురాల్ని చూశాను, చెవులు మాత్రం ఇటే పెట్టి. ఎక్కడా ఏమీ లేదు.

“ఎక్కడైనా రక్తం పోతోందా అమ్మా? ఏ కాస్తయినా సరే.”

“లేదు సార్,” అంది. అబద్ధం కాదు. ఆమెకి తెలిసినంతవరకు అది నిజమే.

“ఈసారి పరీక్షలో ఇంకా దిగితే రక్తం ఎక్కించక తప్పదు,” అన్నాడు డాక్టరు. అన్నాక కాసేపు చేతిలో పెన్ను తిప్పుకున్నాడు. “ఎక్కిస్తే ఒక చిక్కుంది. పరాయివాళ్ళ రక్తం వస్తే ఒళ్ళు దానిమీద పగపడుతుంది. ఆ పగ అక్కడితో ఆగకపోవచ్చు. రేపు అక్క కిడ్నీని కూడా శత్రువే అనుకోవచ్చు. జరుగుతుందని కాదు, జరగొచ్చు. అప్పుడు కుదిరిన జత కుదరకుండా పోతుంది.”

అక్క చెల్లెలి పాదాల మీద దుప్పటి సర్ది, “కాళ్ళు చల్లగా పెట్టుకుంటావేమే, నీకెన్నిసార్లు చెప్పాలి?” అని కసిరింది.

ఇప్పుడు నీళ్ళ సంగతి. మాకు ఒంటేలు రాదు. తాగిన నీళ్ళు ఎక్కడికీ పోవు, ఒంట్లోనే కాపురం పెడతాయి. అవి మిషనే లాగాలి. అందుకే వచ్చీ రాగానే తూకం ఎక్కిస్తారు. ఎన్ని నీళ్ళు దొంగతనంగా తాగామో ఆ ముల్లు పట్టిచ్చేస్తుంది. నేను ఎప్పుడూ దొరికిపోయేవాణ్ణే. ఐసు ముక్క చప్పరిస్తే తాగినట్టు కాదని నా వాదన. సిస్టరమ్మ ఒప్పుకోదు.

దర్జీ పిల్ల మాత్రం ఎన్నడూ దొరకలేదు. దానికి కారణం ఉంది. మొదట్లో ఒకసారి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి చేరి, పడుకోలేక, కూర్చోలేక, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి అంబులెన్సులో వచ్చింది. ఆ రోజు నించీ ఆమెకి నీళ్ళంటే పులి. మందుబిళ్ళ మింగడానికి కూడా గుక్క కొలిచి తాగుతుందని అక్క చెప్పేది.

“ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి,” అని డాక్టరు అందరికీ వినపడేలా మెచ్చుకున్నాడొకసారి. “ఒక్కరోజు కూడా బరువు పెరగలేదు. ఆపరేషనుకి ఇలాంటి పేషెంటే కావాలి.” నా వైపు ప్రత్యేకంగా చూసి మరీ అన్నాడు.

ఆ పిల్ల తల వంచుకుని మురిసిపోయింది. ఆ మెప్పు ఆమె ఒంటికి బాగా పట్టింది. ఎంత బాగా పట్టిందో తరవాత తెలిసింది.

ఇక నేను కనిపెట్టిన రోజు. ముందు రోజు మా కోడలు పుచ్చకాయ కోసింది. పుచ్చకాయ తినే పదార్థం. తాగేది కాదు. అందులో నాది తప్పేమీ లేదు. మర్నాడు తూకం ఎక్కితే ముల్లు అదిరిపోయింది.

“తాతా, ఏం తాగావ్?” అంది సిస్టరమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని.

“ఏమీ తాగలేదమ్మా. తిన్నాను.”

“ఏం తిన్నావ్, చెరువునా?”

ఆ నీళ్ళన్నీ లాగడానికి మిషను బరువుగా పనిచేస్తోంది. నేను పట్టించుకోకుండా దర్జీ పిల్లకి గుమ్మడికాయల లోడు కథ చెబుతున్నాను. ఘాటు రోడ్డు, ఏటవాలు, లారీకి బ్రేకులు ఫెయిలు. నేనేం చేశాను? క్లీనరుని పైకెక్కించి, ఒక్కో గుమ్మడికాయా ముందు చక్రాల కింద పడేయించాను. ఒక కాయ పగిలితే బండి కాస్త నెమ్మది, ఇంకో కాయ పగిలితే ఇంకాస్త నెమ్మది. కొండ కిందకి చేరేసరికి బండిలో లోడు లేదు. బ్రేకులు మాత్రం ఉన్నాయి.

“ఫెయిలైన బ్రేకులు ఎలా వచ్చాయి తాతయ్యా?” అందామె.

నిలదీసే గొంతు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. చెబుదామని నోరు తెరిచాను. గది కాస్త పక్కకి ఒరిగింది. కిటికీలో పావురాలు తెల్లబడ్డాయి. అంతే.

కనుక, నేను కనిపెట్టానన్నది ఇదీ. నీళ్ళు ఎక్కువ లాగేసరికి బీపీ పడిపోయి, కళ్ళు తేలేసి, నోరు తెరుచుకుని పడి ఉన్నాను. ఇక్కణ్ణించి జరిగిందంతా వాళ్ళూ వీళ్ళూ చెప్పగా విన్నది. అక్క కొంత చెప్పింది, సిస్టరమ్మ కొంత చెప్పింది, ఇద్దరూ చెప్పని చోట నేను కుట్టేశాను. ఎంతైనా దర్జీ పక్కన కూర్చున్నవాణ్ణి.

సిస్టరమ్మ ఫోను చేస్తే పొడుగు డాక్టరు ఓపీ వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. నా కాళ్ళు పైకెత్తించి, సెలైన్ వదిలించి, నా మణికట్టు పట్టుకుని నిలబడ్డాడు. అది మా షిఫ్టు మిషన్లు విప్పే వేళ. ఆ వేళకి ఆయన ఆ గదిలో ఉండటం ఎవరూ ఎరగరు. పక్కన దర్జీ పిల్ల మిషను పని అయిపోయిందని కూత పెట్టింది. సిస్టరమ్మ అటు వెళ్ళింది.

విప్పేటప్పుడు ఏం చేస్తారంటే, గొట్టాల్లో, ఫిల్టరులో ఉండిపోయిన రక్తాన్ని వెనక్కి ఒంట్లోకి పంపాలి. ఊరికే రాదు కాబట్టి వెనక నించి ఉప్పునీళ్ళ సెలైన్ వదులుతారు. ఆ నీళ్ళు రక్తాన్ని తోసుకుంటూ పోతాయి. గొట్టం తెల్లబడేదాకా వదలాలి. చివర్న కొన్ని నీళ్ళు కూడా ఒంట్లోకి పోతాయి. నేనైతే ఆ నిమిషం కోసమే ఎదురు చూస్తాను. గొంతు తడవకపోయినా నీళ్ళు నీళ్ళే కదా.

డాక్టరుకి వెనకనించి ఒక మాట వినపడింది.

“చాలు సిస్టరమ్మా, చాలు. ఆపెయ్యండి.”

తిరిగి చూశాడు. సిస్టరమ్మ అలవాటుగా క్లిప్పు నొక్కేసింది. గొట్టాలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఫిల్టరు, పండిన మిరపకాయలా, నిండుగా ఉంది. ఆమె దాన్ని విప్పి పసుపు చెత్త సంచిలో వెయ్యబోతోంటే డాక్టరు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పొడుగు కాబట్టి నా కుర్చీ దగ్గర నించే అందింది.

ఫిల్టరుని కిటికీ వెలుగులో ఎత్తి పట్టుకున్నాడు.

“రోజూ ఇంతేనా?”

సిస్టరమ్మ నీళ్ళు నమిలింది. “ఆ అమ్మాయే ఆపమంటుంది సార్. బతిమాలుతుంది. అవతల రెండో షిఫ్టువాళ్ళు తలుపు దగ్గర నిలబడి ఉంటారు...”

“ఎందుకమ్మా ఆపమంటావ్?”

దర్జీ పిల్ల డాక్టరు మొహం చూసి తప్పు చేశానని గ్రహించింది. ఏ తప్పో మాత్రం తెలియలేదు. “అవి నీళ్ళు కదా సార్. పూటంతా లాగించుకుని, మళ్ళీ పోయించుకోవడం ఎందుకని. బరువు పెరిగితే ఆపరేషను చెయ్యరేమోనని.”

“మరి ఈ రక్తం?”

“అది... మిషనుది కదా సార్. మిషనులో కొంత ఉండిపోతుందనుకున్నా.”

డాక్టరు ఫిల్టరుని నెమ్మదిగా ట్రేలో పెట్టి, స్టూలు లాక్కుని, ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

“ఇది నీ రక్తమే. మేం ఎక్కించే ఐరన్ అంతా ఇందులోనే బయటికి పోతోంది. మేస్త్రీ అరుస్తున్నాడు, కూలీలొచ్చారు, నువ్వేమో ఇటుకలు రోజు విడిచి రోజు వీధిలో పడేస్తున్నావ్. ఈ సెలైన్ నీళ్ళు ఎన్ని పోతాయో మాకు ముందే తెలుసు. అవి కూడా కలిపి లాగెయ్యమని మిషనుకి మొదట్లోనే చెప్పేస్తాం. నీ బరువు పెరగదు.”

“ఆ సంగతి నాకు తెలీదు సార్.”

“ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పైగా మెచ్చుకున్నాను.” అని తల గోక్కున్నాడట.

అప్పుడు అక్క నోరు విప్పింది. “ఏమే! నేనిక్కడ కిడ్నీ చేత్తో పట్టుకుని కూచుంటే, నువ్వు ఒంట్లో ఉన్న రక్తం చెత్తలో పోస్తున్నావుటే? అంత పొదుపు మనిషివి, గుడ్డ పీలిక కూడా పారెయ్యవు కదే! రక్తం పారేశావా?” అని తిట్టి, తిడుతూనే ఏడ్చింది. ఆ కేకలకే నాకు తెలివొచ్చింది. కళ్ళు తెరిచి, “బ్రేకులు ఎలా వచ్చాయంటే...” అన్నానట. అందరూ నవ్వారట, దర్జీ పిల్ల తప్ప.

మళ్ళీ మేం వచ్చిన రోజున మొదటిసారి సెలైన్ పూర్తిగా పోనిచ్చారు. గొట్టంలో ఎరుపు పలచబడి, గులాబీ రంగయి, తెల్లబడేదాకా. ఆ పిల్ల విషం ఎక్కిస్తున్నట్టు కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒక చేత్తో నా కుర్చీ అంచు పట్టుకుంది. నేను చెయ్యి కాస్త జరిపి చోటిచ్చాను. అయ్యాక తూకం ఎక్కింది, దిగింది, నమ్మకం కుదరక మళ్ళీ ఎక్కింది. ముల్లు ఉండాల్సిన చోటే ఉంది.

నెలాఖరు పరీక్ష రోజున అక్క ఎప్పుడూ పని చేసుకోడానికి తెచ్చుకునే కత్తెర కూడా మరిచి, ఒట్టి చేతులతో వచ్చి కూర్చుంది. ఆ ఫలితం మీదే అంతా ఉంది. దిగితే రక్తం ఎక్కించాలి. ఎక్కిస్తే అక్క కిడ్నీ సంగతి ఎవరూ చెప్పలేరు. డాక్టరు కాగితం పట్టుకొచ్చి, “దిగలేదు,” అన్నాడు.

“పెరిగిందా?” అంది అక్క.

“పెరగలేదు. దిగలేదు.”

“ఇదేం సమాధానం సార్! బట్ట కొలిచి పొడుగూ కాదు, పొట్టీ కాదు అన్నట్టు.”

“దిగేది ఆగింది. నాకు అది చాలు. రక్తం ఎక్కించను, ఆగుదాం.”

ఆగారు. ఐరన్ ఈసారి ఒంట్లో నిలిచింది. మేస్త్రీ గొంతు తగ్గించినా పని జరిగింది. హిమోగ్లోబిన్ కాస్త కాస్తగా పైకి పాకి, ఒకరోజు పది దాటింది. ఆ రోజు దర్జీ పిల్ల నా చేతుల కొలత తీసుకుంది. సూదుల కోసం చొక్కా విప్పనక్కర్లేకుండా, భుజం నించి మణికట్టు దాకా గుండీలు ఉండే చొక్కా కుడతానంది. మోటారు తీసేశానని, మళ్ళీ కాలితోనే తొక్కుతున్నానని కూడా చెప్పింది.

ఒక్క చుక్క పరాయి రక్తం లేకుండానే ఆపరేషను జరిగింది. అక్క కిడ్నీని చెల్లెలి ఒళ్ళు తన్ని తగలెయ్యలేదు. పక్క కుర్చీలోకి ఒక సంగీతం మాస్టారు వచ్చాడు. ఆయన గుమ్మడికాయల కథ మొదట్లోనే నిద్రపోతాడు.

కొన్నాళ్ళకి అక్కచెల్లెళ్ళిద్దరూ మా గదికి వచ్చారు. మొహానికి మాస్కు కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డారు. చెల్లెలి మొహానికి రంగు వచ్చింది, మాస్కు పైనించే తెలుస్తోంది. నాకు చొక్కా తెచ్చింది. నీలం రంగు, చేతి పొడుగునా తెల్ల గుండీలు, ఒక్కో గుండీ చుట్టూ ఎర్రదారంతో చిన్న గుమ్మడికాయ బొమ్మ కుట్టి ఉంది. సిస్టరమ్మ ఆ చొక్కా పట్టుకుని గదంతా తిప్పి చూపించింది.

“డాక్టరు రోజంతా నీళ్ళు తాగుతూనే ఉండమన్నారు. నేను వెంటపడి తాగించాల్సొస్తోంది. కొత్తగా ఇదో పని నాకు,” అంది అక్క విసుక్కుంటూ. సంచిలోంచి సీసా, గ్లాసు తీసి ఒంపింది.

చెల్లెలు గ్లాసు తీసుకుని మా కుర్చీల వరస చూసింది. ఎండిపోయిన నోళ్ళతో మేమందరం అటే చూస్తున్నాం. ఆమె గోడ వైపు తిరిగి తాగబోయింది.

“ఇటు తిరిగి తాగవే పిల్లా,” అన్నాను. “దొంగతనమేం కాదుగా.”

తిరిగింది. మాస్కు కిందకి లాగి నిండు గ్లాసు ఆపకుండా తాగింది. గొంతు కదులుతుంటే గదంతా చూసింది. సంగీతం మాస్టారు కూడా మేలుకునే ఉన్నాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, చొక్కా. కొలత తీసుకున్నమాట నిజం, కుడతానన్నదీ నిజం, ఇంతవరకూ ఇవ్వలేదు. దర్జీలందరూ ఇంతే. ఆ రోజు ఒట్టి చేతులతోనే వచ్చారు, సీసా, గ్లాసు తప్ప. రేపు నా పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరైనా ఈ కథ ఇంకొకరికి చెబితే, చొక్కా వచ్చిందనే చెప్పాలని అలా అన్నాను. గ్లాసు నీళ్ళు మాత్రం నిజం. గుమ్మడికాయలూ నిజమే.